ఆదివారం అడవి

పోయిన గురువారం మధ్యాహ్నం, టిఫిన్ డబ్బాలకి ఇంకా మూతలు పెట్టకముందే, ఈ గోడ పత్రిక ఎదురుగానే పెద్ద గొడవ జరిగింది. ఫైనల్ ఇయర్ ట్రిప్పు ఎక్కడికి? వైజాగ్ అన్నవాళ్లు ఇద్దరు. గోవా అని గొణిగి, మేడమ్‌ని చూసి నాలిక్కరుచుకున్న అమ్మాయి ఒకతె. మిగతా అందరిదీ ఒకటే మాట: కుద్రేముఖ. ఒకరి ఫోన్లో రీలు నడుస్తోంది. పచ్చటి కొండ, మంచు, వరసగా పసుపుపచ్చ టెంట్లు, మధ్యలో మంట, దాని చుట్టూ ఎగురుతున్న జనం, వెనక డీజే. శుక్రవారం రాత్రి బస్సెక్కితే సోమవారం పొద్దున క్లాసులో ఉంటాం. అంతా ప్యాకేజీ, మనం చేయాల్సిందల్లా డబ్బు కట్టడమే.

నేనొక మాట అన్నాను. "కొంచెం నిశ్శబ్దంగా ఉండే చోటికి పోదాం. డీజే లేకుండా."

ఒక్క క్షణం అందరూ నావైపు చూశారు. తర్వాత వెనక బెంచీ నుంచి జవాబొచ్చింది: "నిశ్శబ్దం కావాలంటే లైబ్రరీకి పోవే!"

నేనూ నవ్వాను. కానీ మన లైబ్రరీ కిటికీలు ఏ రోడ్డు వైపు ఉన్నాయో ఆ అమ్మాయికీ తెలుసు. అందుకే ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. సంపాదకవర్గం వాళ్లు రెండు కాగితాలే అన్నారు. కొంచెం ఎక్కువైంది, క్షమించాలి.

చందాపురలో ఉండేవాళ్లకి చప్పుడంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. అత్తిబెలె వైపు పోయే లారీలు, "హొసూర్ హొసూర్" అని అరిచే బస్సులు, కంపెనీ క్యాబులు, ఆనేకల్ రోడ్డు మలుపులో ఒకరినొకరు తిట్టుకునే హారన్లు. 2025 ఆగస్టులో బొమ్మసంద్ర దాకా మెట్రో వచ్చింది, సంతోషమే. అక్కడ దిగి మనవైపు వచ్చే ఆటోల హారన్లు కొత్తగా కలిశాయి. పీజీలో ఉండేవాళ్ల సంగతి మరీనూ. ఒక గదిలో నలుగురం. ఒకరి అలారం, ఒకరి వీడియో కాలు, ఒకరి మిక్సీ, ఇయర్‌ఫోన్లు పెట్టుకోకుండా రీల్సు చూసే ఒక మహాతల్లి. (ఆ మహాతల్లి ఈ పత్రిక చదువుతుంది కాబట్టి ఇంతటితో ఆపుతున్నాను.)

ఊళ్లో చెరువు ఉంది కదా, గట్టు మీద కాసేపు కూర్చోవచ్చు కదా అంటారు. చందాపుర చెరువు సంగతి దేశానికంతా తెలిసిపోయింది. దాన్ని కాపాడలేదని 2022 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ కర్ణాటక ప్రభుత్వం మీద 500 కోట్ల రూపాయల పరిహారం వేసింది. గట్టు మీద కూర్చోవాలంటే ముందు ముక్కు మూసుకోవాలి. ముక్కు మూసుకుని ఎంతసేపు ప్రశాంతంగా ఉంటాం?

కాబట్టి నేనడిగింది విలాసం కాదు. రెండు రాత్రులు పక్కన ఎవరి హారనూ వినపడని చోట పడుకోవాలన్నది, మూడేళ్లుగా హొసూరు రోడ్డు పక్కన చదువుకున్నవాళ్లు అడగదగ్గ కోరికే.

ఇక కుద్రేముఖ. నాకు ఆ కొండ మీద కోపమేమీ లేదు. 1,894 మీటర్ల శిఖరం, గుర్రం మొహంలా కనిపిస్తుందని ఆ పేరు. 1987లో జాతీయ ఉద్యానం అయింది, దాదాపు 600 చదరపు కిలోమీటర్లు. తుంగ, భద్ర, నేత్రావతి మూడు నదులూ పుట్టేది ఆ అడవిలోనే, గంగామూల దగ్గర. అక్కడ ఏళ్ల తరబడి ఇనుప ఖనిజం తవ్వారు. సుప్రీంకోర్టు చెప్పాక 2005 చివరికి తవ్వకం ఆగింది. అంత పోరాడి కాపాడుకున్న కొండ అది. చూడాల్సిందే.

కానీ రీలులో ఉన్నట్టు అక్కడ టెంట్ వేసుకుని పడుకోవడం కుదరదు. ఉద్యానం లోపల రాత్రి బస నిషేధం. అనుమతి తీసుకుని పొద్దున ఎక్కాలి, సాయంత్రానికల్లా దిగిపోవాలి. రోజుకి ఇంతమందే అని లెక్క కూడా ఉంది. మరి ఆ పసుపుపచ్చ టెంట్లు ఎక్కడివి? ఉద్యానం బయట ఎవరిదో తోటలోనివి అయ్యుండాలి. అంటే మనం శుక్రవారం రాత్రంతా ప్రయాణం చేసి, ఒక తోటలో, రెండడుగుల దూరంలో పక్క టెంటు పెట్టుకుని, డీజే వింటూ, మర్నాడు క్యూలో కొండెక్కి వస్తాం. ఆ పక్క టెంటులో ఉండేదెవరు? మనలాగే బెంగళూరు నుంచి శుక్రవారం రాత్రి బయల్దేరినవాళ్లు. చందాపుర సర్కిల్‌నే టెంట్లలో సర్ది మలెనాడుకి మోసుకుపోయినట్టు.

క్యూ అంటే ఎగతాళికి అనడం లేదు. 2024 జనవరి చివర్లో, రిపబ్లిక్ డే సెలవులకి కుమార పర్వతం మీద చేరిన జనం ఫోటోలు మీలో చాలామంది చూసే ఉంటారు. పుష్పగిరి అభయారణ్యంలో ఉన్న కొండ అది. తిరుమల కంపార్ట్‌మెంట్లలో నిల్చున్నట్టు ఒకరి వెనక ఒకరు. అది చూసి కర్ణాటక అటవీశాఖ కొండ ఎక్కడాలని కొన్నాళ్లు ఆపేసి, ఆన్‌లైన్లో ముందుగా బుక్ చేసుకుంటేనే అనుమతి అనే పద్ధతి తెచ్చింది. ఇప్పుడు అరణ్య విహార అనే సైట్లో టికెట్ తీసుకోవాలి. కొంతమంది దీన్ని విసుగనుకుంటారు. నాకు మాత్రం నచ్చింది. గేటు దగ్గర ఎవరు ముందొస్తే వాళ్లదే అడవి అనే లెక్క ఎన్నాళ్లు నడుస్తుంది?

మా పెద్దమ్మ కూతురు అమెరికాలో, డెన్వర్ దగ్గర ఉంటుంది. అక్కడ రాకీ మౌంటెన్ అని పెద్ద జాతీయ ఉద్యానం. మన నంది కొండలకి పోయినట్టు లక్షలమంది పోతారు. టెంట్ వేసే చోటుకి నంబరు ఉంటుందట, నెలల ముందు బుక్ చేసుకోవాలట. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు చప్పుడు చేయకూడదని అక్కడి ఉద్యానాలన్నిటికీ రూలు. "అమ్మో, ఎంత క్రమశిక్షణ!" అనుకున్నాను. తర్వాత చూస్తే మన దేశంలోనూ అదే టైము: 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. రూలు ఇద్దరికీ ఒకటే, పాటించేది వాళ్లు. ఇక్కడ పాటించమని ఎవరైనా అడిగితే మాత్రం "పోవే లైబ్రరీకి" అంటాం.

మంట గురించి కూడా ఒక మాట. క్యాంపు అంటే మంట ఉండాలన్నది సినిమాల వల్ల వచ్చిన నమ్మకం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యంలో నిప్పు పెట్టడాన్ని నిషేధిస్తుంది. జాతీయ ఉద్యానాలకీ అది వర్తిస్తుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో జరిగింది మనం మర్చిపోకూడదు. చెన్నై నుంచి, ఈరోడ్, తిరుప్పూర్ వైపు నుంచి కొండెక్కడానికి వెళ్లినవాళ్లు దిగుతుండగా అడవి అంటుకుంది. ఇరవైమందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఆడవాళ్లు, వయసులో మనకంటే నాలుగైదేళ్లు పెద్ద. నిప్పు ఎలా పుట్టిందన్నది వేరే సంగతి. ఎండిన గడ్డి ఉన్న వాలు మీద మంట కిందికంటే పైకి వేగంగా పాకుతుంది, మనిషి పరుగు దానికి చాలదు. ఎండాకాలంలో అటవీశాఖ కొండదారులు మూసేస్తే "అయ్యో ట్రిప్పు పోయిందే" అనుకునేవాళ్లు ఆ రోజు పేపర్లు ఒకసారి తిరగేయాలి.

ఇంతవరకు రాసింది నా క్లాసువాళ్ల కోసం. ఇక ముందు రాసేది స్టాఫ్‌రూము కోసం. కొంచెం భయంగానే రాస్తున్నాను.

గొడవ విని బయటికొచ్చిన మేడమ్ అన్న మాట ఇది: "ఎక్కడికైనా వెళ్లండమ్మా. కానీ జనం ఉండే చోటికే వెళ్లండి. ఆడపిల్లలు, ఏకాంతంగా ఉండే చోట్లు మీకెందుకు?" ఆవిడ మనమంటే ఇష్టంతోనే అన్నారు. ఏదైనా జరిగితే రేపు ప్రిన్సిపల్ గదిలో నిలబడాల్సింది ఆవిడే అని కూడా తెలుసు. అయినా ఆ మాట నా బుర్రలోంచి పోలేదు.

ఎందుకంటే, మనకి చిన్నప్పట్నుంచీ ఇదే చెప్తున్నారు. సందులోంచి వద్దు, మెయిన్ రోడ్డు మీద రా. ఖాళీ బస్సెక్కద్దు, నిండు బస్సెక్కు. మధ్యాహ్నం గుడికి వద్దు, సాయంత్రం జనం ఉన్నప్పుడు పో. మన అన్నదమ్ములు ఖాళీ చోటు చూస్తే బండి ఆపి కూర్చుంటారు. మనం ఖాళీ చోటు చూస్తే నడక పెంచుతాం. వాళ్లకి నిశ్శబ్దమంటే విశ్రాంతి, మనకి అదే భయం. ఇరవయ్యేళ్లు వచ్చేసరికి మనకి గుంపు తప్ప ఇంకో చోటు తెలియకుండా పోయింది.

మరి గుంపులో క్షేమంగా ఉన్నామా? ఇది చదువుతున్న ప్రతి అమ్మాయీ ఒక్కసారి గుర్తు చేసుకోండి. మనల్ని గిల్లిన చేతులు, తోసిన భుజాలు, వెనకనుంచి తగిలిన మోచేతులు, అన్నీ ఎక్కడినుంచి వచ్చాయి? నిండు బస్సులోంచి, జాతరలోంచి, సినిమా హాలు మెట్ల మీదనుంచి. నాకైతే ఖాళీ చోట ఇంతవరకు ఏమీ జరగలేదు, గుంపులో జరిగినవి లెక్కపెట్టడం ఎనిమిదో క్లాసులోనే మానేశాను. ఖాళీ చోట్లలో ప్రమాదం లేదని నేననడం లేదు. రోజూ పేపరు చదువుతున్నాను. నేననేది ఏమిటంటే, మనకి క్షేమం ఇచ్చేది జనం కాదు, ఏర్పాటు. ఎవరెవరం వెళ్తున్నాం, ఎవరికి చెప్పాం, తలుపుకి గడియ ఉందా, బండి డ్రైవరు ఎవరు, కాపలా ఎవరు, సిగ్నల్ ఎక్కడిదాకా ఉంది. ఇవి సరిగా చూసుకున్న పన్నెండుమంది, ఏమీ చూసుకోకుండా మూడొందలమంది మధ్య టెంట్లో పడుకున్న పన్నెండుమంది కంటే క్షేమంగా ఉంటారు. డీజే హోరులో అరిచినా ఎవరికి వినపడుతుంది మేడమ్?

ఇక్కడ మా అవ్వ గురించి చెప్పాలి. మా అమ్మవాళ్లది తళి దగ్గర పల్లె. అంటే మన చందాపురకి పడమర ఉన్న బన్నేరుఘట్ట అడవి దక్షిణంగా సాగి సాగి తమిళనాడు వైపు తిరిగే చోట. బన్నేరుఘట్ట అంటే మనకి సఫారీ బస్సు, పులి, సీతాకోకచిలుకల పార్కు. కానీ 1974 నుంచి అది జాతీయ ఉద్యానం, దాని అసలు యజమానులు ఏనుగులు. రాగి చేలు పండే కాలానికి ఏనుగుల మందలు ఆ అడవుల్లోంచి జవళగిరి, తళి, డెంకణికోట వైపు పొలాల మీదికి వస్తాయి. అప్పుడు మా తాత రాత్రంతా మంచె మీద కాపలా ఉండేవాడు. చీకటి పడేలోపు అవ్వ సంగటి ముద్ద, ఉలవచారు మంచె దాకా తీసుకెళ్లి ఇచ్చి వచ్చేది. కొన్ని రాత్రులు తనూ ఉండిపోయేది.

మంచె మీద మాట్లాడకూడదు. బీడీ వెలిగించినా చేయి అడ్డం పెట్టాలి. రాగి కర్ర విరిగే చప్పుడు కోసం చెవి పెట్టి ఉండాలి. అవ్వ చెప్పేది: గాలికి ఊగిన చేను చప్పుడు వేరు, ఏనుగు పీకిన చప్పుడు వేరు, అడివిపంది తొక్కిన చప్పుడు వేరు. మూడూ తెలిసేదాకా మంచె ఎక్కినా లాభం లేదు. ఏనుగు వచ్చిందని తెలిస్తే అప్పుడు డబ్బాలు వాయించడం, టపాకాయలు, కేకలు. అంతకుముందు గంటలకొద్దీ ఒక్క మాట ఉండదు. ఆడమనిషి, చీకటి, అడివి అంచు. ఆవిడకి భయం లేదని కాదు, ఏ చప్పుడుకి భయపడాలో తెలుసు.

ట్రిప్పు సంగతి ఫోన్లో చెప్తే అవ్వ పడీపడీ నవ్వింది. "దుడ్లిచ్చి అడివిలో పండుకొనేదానికి పోతారా మే? మేము దుడ్లు లేక పండుకొన్నేము!" నిజమే. ఆవిడకి గుడారం సరదా కాదు, రాగి మూటల లెక్క. మనం సరదాకి పోతున్నామన్న సిగ్గు కొంచెమైనా మనకుండాలి. ఆ అడవి అంచున నిద్ర లేకుండా కూర్చునేవాళ్ల పొలం పక్కన మనం స్పీకర్లు పెట్టి ఎగిరితే, బెదిరిన ఏనుగు వెళ్లేది ఎవరి చేలోకి?

సరే, విమర్శ చేశావు, నీ లెక్కేమిటి అంటారు. చెప్తాను.

నా ఓటు తలకోనకి.

తలకోన చాలామందికి సినిమా పాటల జలపాతంగా తెలుసు. అది శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో ఉంది. 1989లో ఏర్పడిన ఉద్యానం, 353 చదరపు కిలోమీటర్లు, శేషాచలం కొండలు. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. మనం రెండో సెమిస్టర్లో చదువుకున్న అన్నమయ్య కొండలే ఇవి. ఆయన పుట్టిన తాళ్లపాక కొండలకి అవతలి పక్క, తలకోన ఇవతలి పక్క. ఎర్రావారిపాలెం మండలం, ఒకప్పుడు చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. జలపాతం 270 అడుగులు, ఆంధ్రప్రదేశ్‌లో ఇంతకంటే ఎత్తయినది లేదు. కింద సిద్ధేశ్వరస్వామి గుడి. ఎర్రచందనం ఈ కొండల చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. పెద్ద కళ్లేసుకుని రాత్రిళ్లు మాత్రమే తిరిగే దేవాంగపిల్లి ఉంటుంది. రాళ్ల సందుల్లో బంగారు రంగు బల్లి ఉంటుంది, కంచి గుళ్లో తాకేది కాదు, నిజం బల్లి. ఈ రెండూ టార్చిలైటు అరుపులకి బయటికి రావు.

మన నుంచి రెండొందల కిలోమీటర్లు దాటుతుంది. మదనపల్లె, పీలేరు, భాకరాపేట మీదుగా బండి మధ్యాహ్నానికి చేరుతుంది. అక్కడ భాష కోసం వెతుక్కోనక్కర్లేదు, అది కూడా నా లెక్కలో ఉంది. గేటు దగ్గర, వంట దగ్గర, కాపలా దగ్గర మన తెలుగే. ఏదైనా అనుమానం వస్తే అడగగలం, కోపం వస్తే తిట్టగలం. తెలియని భాషలో ఆడపిల్ల ధైర్యం సగం తగ్గిపోతుందన్నది హాస్టల్లో చేరిన మొదటి నెలలో నాకు తెలిసింది.

పడుకునేది అడవి మధ్యలో కాదు. అటవీశాఖ వాళ్లు స్థానిక వన సంరక్షణ సమితితో కలిసి నడిపే గదులున్నాయి. ముందే ఫోన్ చేసి, రాసి తీసుకుని, గడియ ఉన్న గదుల్లో పడుకోవాలి. టెంట్ కావాలనేవాళ్లు వాళ్ల ఆవరణలో, వాళ్లు ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే లేదు. రీలులో గుడారం లేకపోతే పోయిందేముంది? అడవిలోకి మాత్రం గైడు లేకుండా అడుగు పెట్టేది లేదు. ఇది నేను ఊరికే అనడం లేదు. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రికి ముందు, ఇదే శేషాచలం అడవుల్లో గుండాలకోనకి రాత్రిపూట నడిచి వెళ్తున్న భక్తుల మీద ఏనుగులు పడి ముగ్గురు చనిపోయారు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుతపులి ఒక పాపని ఎత్తుకుపోయింది. అది రోజూ వేలమంది నడిచే దారి. గుంపు ఉంటే క్షేమం అనేవాళ్లకి ఇది కూడా గుర్తుండాలి.

మరి తలకోనలో జనం ఉండరా? ఉంటారు. ఆదివారం వెళ్తే జలపాతం కింద నిల్చోవడానికి కూడా చోటుండదు, శివరాత్రికి చెప్పనే అక్కర్లేదు. నేను వెళ్దామంటున్నది మంగళవారం. మంగళ, బుధ, గురు. రెండు రాత్రులు. ఈశాన్య రుతుపవనం వానలు తగ్గాక, డిసెంబరు మొదటి వారంలో, నీళ్లు ఇంకా నిండుగా పడుతుండగా, గడ్డి ఇంకా పచ్చిగా ఉండగా.

అసలు పేచీ ఇక్కడే ఉంది. మంగళవారం అనేసరికి అందరి మొహాలూ మాడిపోయాయి: అటెండెన్స్! డెబ్బై అయిదు శాతం. ఫ్యాక్టరీకి, కంపెనీకి, కాలేజీకి అందరికీ ఆదివారమే ఇచ్చి, ఆదివారం అడవి నిండిపోయిందని మళ్లీ మనమే ఏడుస్తాం. ఏ అడవైనా ఆదివారం చందాపుర సర్కిలే. నిశ్శబ్దం వారం మధ్యలో దొరుకుతుంది, మనకి వారం మధ్యలో సెలవు దొరకదు. కాబట్టి స్టాఫ్‌రూముకి నా విన్నపం ఒకటే. స్పోర్ట్స్ వాళ్లకి, ఎన్ఎస్ఎస్ వాళ్లకి ఓడీ ఇస్తారు కదా, అలాగే మాకు మూడు రోజులు ఓడీ ఇవ్వండి. ఊరికే వద్దు. తిరిగొచ్చాక ఒక్కొక్కరం రాతపని అప్పగిస్తాం. చెట్ల పేర్లు, అక్కడి వాడుక మాటలు, గుడి కథ, వంటమనిషి చెప్పిన సామెతలు, ఏదైనా సరే. సార్ ఎప్పుడూ అంటారు కదా, జానపదం పుస్తకంలో చదివితే రాదని. ఈ పత్రిక రెండు సంచికలకి సరిపడా తెస్తాం.

పన్నెండుమందిమే. అంతకంటే ఎక్కువైతే మళ్లీ రెండు గుంపులు, రెండు వంటలు, రెండు అలకలు. ఒక టెంపో ట్రావెలర్‌కి సరిపోయేంత. ఒక మేడమ్ తప్పకుండా. ఆవిడకి వంట పని, తలలు లెక్కపెట్టే పని రెండూ ఉండవు, మాట ఇస్తున్నాం.

సామాను గురించి అందరూ అడిగేది స్వెటర్, షూస్. ఎవరూ అడగని ప్రశ్న నేను రాసేస్తాను, ఇది ఆడపిల్లల కాలేజీయే కదా. బాత్రూము సంగతేమిటి? నెలసరి వస్తే? మనలో సగంమంది ట్రిప్పులు మానుకునేది అడవికి భయపడి కాదు, దీనికి భయపడి. దారిలో ఎక్కడ ఆగాలో ముందే చూసిపెట్టుకుందాం. బసలో బాత్రూములెన్ని, నీళ్లున్నాయా, గడియలున్నాయా అని గదుల రేటు కంటే ముందు అడుగుదాం. వాడిన ప్యాడ్లు కాగితంలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టుకుని ఊరికి తిరిగి తెచ్చుకోవాలి. అడవిలో పారేస్తే కోతులు లాగుతాయి, పందులు తవ్వుతాయి. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్పకపోతే జరిగేది అదే.

తిండికి మొదటి రోజు చిత్రాన్నం, రెండో రోజుకి చపాతీలు, శనక్కాయల పొడి. మిగతాది అక్కడ వండించుకుందాం. చిప్స్ ప్యాకెట్లు వద్దు. తలకోన కోతులకి ఆ ప్యాకెట్ చప్పుడు మనకంటే బాగా తెలుసు. స్పీకరు వద్దు. ఫోన్లు తీసుకురావచ్చు, ఇంటికి రోజుకి రెండుసార్లు, పొద్దున ఒకటి రాత్రి ఒకటి, అందరం ఒకే టైముకి చేద్దాం. నాన్నలు అటు కంగారు పడరు, మనకి ఇటు మధ్యమధ్యలో మోగదు. ఫోటోలు తీసుకోండి, ఎవరొద్దన్నారు? ఊరికి తిరిగొచ్చాక పెట్టుకోండి.

రాత్రి ఏం చేస్తాం అని అడిగింది నా పక్క బెంచీ అమ్మాయి. నిజంగానే అడిగింది, వెక్కిరించలేదు. పాటల్లేకుండా, మంట లేకుండా, నెట్టు లేకుండా ఏం చేస్తాం? నా దగ్గర గొప్ప జవాబు లేదు. వరండాలో కూర్చుంటాం. జలపాతం చప్పుడు వినపడుతుందో లేదో చూస్తాం. ఎవరైనా ఏదైనా చెప్తే వింటాం, చెప్పకపోతే ఊరుకుంటాం. మా అవ్వలాగా మూడు చప్పుళ్లు తేడా పట్టుకోగలమేమో చూస్తాం. విసుగు పుడితే పడుకుంటాం. తొమ్మిదింటికి నిద్రపోయి ఎన్నేళ్లయింది?

ఆ అమ్మాయికి పరీక్షలవగానే పెళ్లి. లగ్నపత్రిక కూడా అయిపోయింది. అటు పదిమంది ఉన్న ఇల్లు, ఇటు ఎనిమిదిమంది ఉన్న ఇల్లు. "నాకు రెండు రాత్రులు ఎవరూ పిలవకుండా ఉంటే చాలు" అంది కాసేపాగి. కుద్రేముఖకి పేరిచ్చిన అమ్మాయే తను. డీజే దగ్గర ఎవరూ పిలవరనుకుందేమో.

కుద్రేముఖ వద్దని నేను ఎవరినీ ఆపడం లేదు. వెళ్లేవాళ్లు వెళ్లండి. అరణ్య విహారలో టికెట్ తీసుకుని, పొద్దున ఎక్కి సాయంత్రం దిగి, తోట ఓనరుతో డీజే వద్దని చెప్పి వెళ్తే నేను కూడా వచ్చే ఏడు జీతం వచ్చాక వస్తాను. ఈ డిసెంబరుకి మాత్రం తలకోన.

ఈ కాగితం కింద ఇంకో కాగితం అంటించాను. పన్నెండు గీతలున్నాయి. పేరు, ఇంట్లో అడిగారా లేదా, నెలసరి డేటు రాయడం ఇష్టమైతేనే. ఇప్పటికి నాలుగు నిండాయి. నాలుగో పేరు పక్కన "నాన్నని ఇంకా అడగలేదు, ఆదివారం అడుగుతా" అని పెన్సిల్తో రాసి ఉంది. మేడమ్ గీత పన్నెండోది, ఖాళీగా ఉంచాం.